రాగి జావ, థైరాయిడ్ మాత్ర, కదలని పేగు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం థైరాయిడ్ గురించి, మిగిలినవి మలబద్ధకం, కడుపుబ్బరం, విరేచనాల గురించి ఉన్నాయి. ఈ రెండు రకాల ఉత్తరాలు రాసినవారిలో కొందరి బాధ ఒక్కటేనని చదువుతుండగానే అర్థమైంది. అందుకే అటువంటి ఐదు ఉత్తరాలను ఏరి, క్లుప్తంగా ఇచ్చి, ఒకేచోట జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఆదోని. నా వయసు 42, బరువు 60 కిలోలు. రెండేళ్ల కిందట థైరాయిడ్ తక్కువగా ఉందని 50 మైక్రోగ్రాముల మాత్ర ఇచ్చారు. తర్వాత 75 చేశారు, ఇప్పుడు 100 వాడుతున్నాను. అయినా ఈ నెల పరీక్షలో టీ.ఎస్.హెచ్. (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) 18 వచ్చింది. మూడు నాలుగు రోజులకు ఒకసారి గాని విరేచనం కాదు. రెండు ముద్దలు తినగానే కడుపు బిగుసుకుపోతుంది. రాత్రి సునాముఖి కలిసిన చూర్ణం వేసుకుంటేనే పొద్దున కాస్త కదులుతుంది. పొద్దున్నే గ్యాస్ మాత్ర, థైరాయిడ్ మాత్ర రెండూ కలిపి వేసుకుని, పనికి పోయే తొందరలో వెంటనే రాగి జావ తాగుతాను. నా జబ్బు కడుపుదా, థైరాయిడ్‌దా?

జవాబు: అమ్మా, మీ కడుపు మందగించడానికి థైరాయిడ్ కారణం. మీ థైరాయిడ్ మాత్ర పనిచేయకపోవడానికి చాలావరకు కడుపులో దానికి తోడుగా పడుతున్నవి కారణం. ఈ రెండూ ఒకదానినొకటి పట్టుకుని ఉన్నాయి కనుక, మోతాదు పెంచుకుంటూ పోవడం వల్ల గాని, చూర్ణం మార్చుకుంటూ పోవడం వల్ల గాని ముడి వీడలేదు.

ముందు పేగు సంగతి చెబుతాను. మనం తిన్నది తనంతట తాను కిందికి జారిపోదు. జీర్ణాశయం గోడలోని కండరాలు నిమిషానికి సుమారు మూడు అలలుగా, చిన్నపేగు మొదటి భాగంలో సుమారు పన్నెండు అలలుగా పుట్టే విద్యుత్ సంకేతాలకు లోబడి ముడుచుకుంటూ, వదులవుతూ ఆహారాన్ని ముందుకు తోస్తాయి. థైరాయిడ్ హార్మోను శరీరంలోని ప్రతి కణానికీ ఎంత వేగంగా పనిచేయాలో చెప్పే హార్మోను కనుక, అది తగ్గినప్పుడు ఈ అలల వేగమూ బలమూ తగ్గుతాయి. దీనికి తోడు, చాలాకాలం హార్మోను లోపం ఉన్నవారిలో ముఖం, కాళ్లు ఉబ్బినట్లు కనిపించడానికి కారణమైన, నీటిని పట్టి ఉంచే జిగట పదార్థమే పేగు గోడల్లోనూ చేరి, కండరాలను మొద్దుబారుస్తుంది. జీర్ణాశయం ఆలస్యంగా ఖాళీ అవుతుంది కాబట్టి రెండు ముద్దలకే కడుపు నిండినట్లు ఉంటుంది. చిన్నపేగులో ఆహారం నిలవ ఉండడం వల్ల అక్కడ ఉండకూడనంతగా సూక్ష్మజీవులు పెరిగి, గ్యాస్ తయారవుతుంది. ఇక పెద్దపేగుకు రోజుకు ఒకటిన్నర లీటరు దాకా నీరు చేరితే, అందులో వంద, రెండు వందల మిల్లీలీటర్లు తప్ప మిగిలినదంతా అది పీల్చుకుంటుంది. మలం అక్కడ ఎన్ని ఎక్కువ రోజులు ఆగితే అంతగా ఎండి గట్టిపడుతుంది. మలబద్ధకం ఇలా వచ్చింది.

ఈ మందగొండితనాన్ని కంటితో చూడవచ్చు. పోయిన మే నెలలో, కర్నూలులో బయట నిలబడితే తల మాడిపోయే ఒక మధ్యాహ్నం, కడుపుబ్బరమని ఒక ఆమె నా దగ్గరికి వచ్చి, కూర్చోగానే ఫ్యాను ఆపమన్నారు. పమిట భుజాల చుట్టూ కప్పుకుని ఉన్నారు, గొంతు బొంగురుగా ఉంది, చేతులు పట్టుకుంటే గరుకుగా, చల్లగా తగిలాయి. కుర్చీ మీద మోకాళ్లూని కూర్చోమని చెప్పి, మడమ వెనక నరం మీద చిన్న సుత్తితో తట్టాను. పాదం చటుక్కున కిందికి వంగింది గాని, తిరిగి యథాస్థానానికి రావడానికి చాలా తీరిక తీసుకుంది. కాలి కండరంలో నేను చూసిన ఆ ఆలస్యమే ఆమె పేగు కండరంలోనూ జరుగుతోంది. ఆమె అప్పటికి ఏడాదిగా కడుపుకే మందులు వాడుతున్నారు, థైరాయిడ్ పరీక్ష ఎవరూ రాయలేదు.

ఇప్పుడు మీ మాత్ర సంగతి. ఈ మాత్రలో ఉండేది లెవోథైరాక్సిన్, అంటే మందుగా తయారుచేసిన థైరాయిడ్ హార్మోనే. పూర్తిగా పనిచేయని థైరాయిడ్ ఉన్నవారికి కూడా సాధారణంగా కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున సరిపోతుంది. మీ 60 కిలోలకు అది 96 అవుతుంది, అంటే మీరు వేసుకుంటున్న 100 దాదాపు పూర్తి మోతాదు. అది నిజంగా రక్తంలోకి చేరుతుంటే టీ.ఎస్.హెచ్. 18 ఉండకూడదు. పరగడుపున మామూలు నీళ్లతో మింగినా ఈ మందులో 60 నుంచి 80 శాతమే చిన్నపేగులో ఒంటబడుతుంది. అదే కడుపులో కాల్షియం, ఐరన్, పీచు, సోయా, కాఫీ వంటివి ఉంటే ఇంకా తగ్గిపోతుంది. రాగులు మన సీమకు దొరికిన గొప్ప తిండి, అందులో అనుమానం లేదు. వంద గ్రాముల బియ్యంలో పది మిల్లీగ్రాముల చుట్టుపక్కల కాల్షియం ఉంటే, వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పీచు కూడా పుష్కలంగా ఉంటుంది. ఆ మేలు మీ ఎముకలకు కావలసిందే. కాని మాత్ర వెనుకనే జావ తాగితే, ఆ కాల్షియమూ పీచూ మందును పట్టుకుని తమతోపాటే కిందికి తీసుకుపోతాయి. జావలో పాలో మజ్జిగో కలిపితే కాల్షియం మరింత చేరుతుంది.

రెండవది గ్యాస్ మాత్ర. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. థైరాయిడ్ మాత్ర కరగడానికి ఆ ఆమ్లం కావాలి. వీటి ప్రభావం రోజంతా ఉంటుంది కనుక రెండింటి మధ్య గంట రెండు గంటలు ఎడం పాటించినా పెద్దగా ప్రయోజనం ఉండదు. మీ కడుపు బిగింపు ఆమ్లం ఎక్కువై వచ్చింది కాదు, కదలిక తక్కువై వచ్చింది. అటువంటప్పుడు ఆ మాత్ర మీకు ఎందుకు అన్నది మీ డాక్టరును తప్పక అడగండి. అల్సర్ ఉన్నవారు, గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు మాత్రం దీన్ని సొంతంగా ఆపకూడదు.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. మాత్రల సీసాను వంటింట్లో పొయ్యి పక్కన గూటిలో ఉంచే అలవాటు చాలామందికి ఉంది. ఆ వేడికి, ఆవిరికి ఈ మందు చెడుతుంది, అక్కడి నుంచి తీసి పడక గదిలో చల్లగా ఉండే చోట పెట్టుకోండి. లేవగానే ఒక గ్లాసు మామూలు నీళ్లతో మాత్ర ఒక్కటే వేసుకోండి. కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, కుళాయి నీళ్లు పట్టుకునేసరికి గంట గడుస్తుంది. ఆ తర్వాత కాఫీ, టీ, జావ ఏదైనా తాగవచ్చు. జావను మాత్రం ఇంకా ఆలస్యం చేసి, పని చోటికి తీసుకుపోయి తాగగలిగితే మరీ మంచిది. పొద్దున తీరిక దొరకని వారు రాత్రి భోజనం చేసిన మూడు గంటల తర్వాత, పడుకునే ముందు కూడా వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళకు వేసుకోవాలి.

ఇలా చేసి ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించుకోండి. రక్తంలో ఈ హార్మోను సగానికి తగ్గడానికి ఏడు రోజులు పడుతుంది, కొత్త మట్టానికి కుదురుకోవడానికి నెలకు పైగా పడుతుంది, కనుక పది రోజులకే పరీక్ష చేయిస్తే వచ్చే అంకె మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంతకాలం సగం వృథా అయిన మోతాదు ఇప్పుడు పూర్తిగా ఒంటబడితే, అది కొందరికి ఎక్కువ కావచ్చు. గుండె దడ, చేతుల వణుకు, విరేచనాలు మొదలైతే ఆరు వారాలు ఆగకుండా డాక్టరుకు చెప్పండి. ఇంత సక్రమంగా వేసుకున్నా టీ.ఎస్.హెచ్. దిగకపోతే, అప్పుడు లోపల ఇంకేదైనా ఉందేమో వెతకాలి. మన దేశంలో ఇప్పుడు కనిపించే థైరాయిడ్ లోపంలో ఎక్కువ భాగం, 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో మొదట వర్ణించిన జబ్బు వల్ల వస్తున్నదే. ఇందులో శరీరంలోని రక్షణ వ్యవస్థ సొంత గ్రంథినే దెబ్బతీస్తుంది. వీరిలో కొందరికి అదే తీరుగా జీర్ణాశయపు లోపొర కూడా దెబ్బతిని, ఆమ్లం తగ్గి, బీ12, ఐరన్ లోపాలు వస్తాయి. కొందరికి గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉంటుంది. హెలికోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి కూడా మందు ఒంటబట్టకుండా చేయగలదు. వీటన్నిటికీ పరీక్షలు ఉన్నాయి.

పేగు తిరిగి దారిలో పడేదాకా మలబద్ధకానికి ఏదో ఒకటి కావాలి. సునాముఖి అప్పుడప్పుడు వాడితే హాని లేదు, కాని రోజూ దాని మీదే ఆధారపడవద్దు. లాక్టులోజ్ సిరప్ గాని, నీళ్లలో కలుపుకుని తాగే పాలీఇథైలీన్ గ్లైకాల్ పొడి గాని మలంలో నీటిని నిలిపి మెత్తబరుస్తాయి. ఇసబ్గోల్ వాడేటట్లయితే థైరాయిడ్ మాత్రకు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, పెద్ద గ్లాసెడు నీళ్లు తాగాలి. మందగించిన పేగులో నీళ్లు చాలని ఇసబ్గోల్ ఉబ్బరాన్ని పెంచుతుంది. కడుపు బాగా ఉబ్బి, వాంతులవుతూ, అపాన వాయువు కూడా పోకపోతే ఇంట్లో ఏ మందూ వేసుకోకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. హార్మోను మరీ తగ్గిన వారిలో, ఎక్కడా అడ్డు లేకపోయినా, పేగు పూర్తిగా స్తంభించడం అరుదుగానైనా జరుగుతుంది.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నా వయసు 26. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. ఆకలి మాత్రం రెట్టింపైంది. రోజుకు నాలుగైదు సార్లు విరేచనం అవుతుంది. వేడి చేసిందని ఇంట్లో మెంతులు, మజ్జిగ ఇచ్చారు. అమీబియాసిస్ అని మూడుసార్లు మందులు వాడించారు. చివరికి టీ.ఎస్.హెచ్. 0.01 కన్నా తక్కువ వచ్చింది. కార్బిమజోల్ మొదలుపెట్టారు. పేగు జబ్బుకు ఈ మందు ఎందుకు? విరేచనాలు తగ్గగానే ఆపేయవచ్చా?

జవాబు: మీది పేగు జబ్బు కాదు. పై ఉత్తరం రాసినామెకు జరిగినదానికి పూర్తిగా ఎదురు మీలో జరుగుతోంది. హార్మోను ఎక్కువైనప్పుడు పేగు తొందరపడి, ఆహారంలోని కొవ్వు ఒంటబట్టడానికి కావలసినంత వ్యవధి ఇవ్వకుండానే కిందికి తోసేస్తుంది. అందుకే ఎంత తిన్నా ఒళ్లు పట్టదు. శరీరం ఖర్చు పెట్టే శక్తి కూడా అప్పుడు ఎక్కువగానే ఉంటుంది. సాధారణంగా ఇవి నీళ్ల విరేచనాలు కావు, ఎక్కువ సార్లు వెళ్లవలసి రావడమే ప్రధాన లక్షణం. కొందరికి మలం జిడ్డుగా, నీళ్లు పోసినా ఒక పట్టాన వదలకుండా ఉంటుంది. నీళ్లగా, రక్తమో జిగురో కలిసి వస్తేనే అమీబియాసిస్ వంటివాటిని మల పరీక్ష చేసి చూడాలి.

"వేడి చేసింది" అన్న మాట మన ఇళ్లలో ఎన్ని జబ్బులను కప్పిపుచ్చుతుందో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. కడప జిల్లా ఎండలో చెమట పట్టని వారు, దాహం వేయని వారు ఉండరు. అందువల్ల ఒక కుర్రవాడు ఒళ్లు మండుతోందన్నా, గుండె దడ దడ కొట్టుకుంటోందన్నా, పది మంది కలిసి ఆ నేరాన్ని ఎండ మీదికే తోసేస్తారు. చేతులు చాచి, వేళ్ల మీద ఒక పలుచని కాగితం పరచి చూస్తే ఆ సన్నని వణుకు బయటపడుతుంది. ఆకలి పెరిగి బరువు తగ్గడం అన్నది సుగరు, థైరాయిడ్ రెండింటినీ అడగవలసిన లక్షణం.

కార్బిమజోల్ కొత్త హార్మోను తయారీని ఆపుతుంది. అప్పటికే గ్రంథిలో నిలవ ఉన్నది ఖర్చు కావాలి కనుక, బాగైందనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా దడకు ఇచ్చే ప్రొప్రనలాల్ వల్ల విరేచనాలు కూడా కొంత నెమ్మదిస్తాయి. ఆస్తమా ఉంటే అది వాడకూడదు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. మీ వయసులో దీనికి ఎక్కువగా కారణమయ్యేది, రక్షణ వ్యవస్థే గ్రంథిని అతిగా పనిచేయించే గ్రేవ్స్ జబ్బు, దానికి సాధారణంగా 12 నుంచి 18 నెలలు మందు వాడాలి. విరేచనాలు తగ్గాయని రెండు నెలలకే ఆపితే జబ్బు తిరగబెడుతుంది. అయితే గ్రంథి వాచి, లోపల ఉన్న హార్మోను ఒక్కసారిగా బయటికి రావడం వల్ల కూడా టీ.ఎస్.హెచ్. ఇలా పడిపోవచ్చు. ఆ జబ్బుకు కార్బిమజోల్ పనికిరాదు. ఏది మీదో తేల్చడానికి యాంటీబాడీ పరీక్ష గాని, థైరాయిడ్ స్కాన్ గాని చేశారో లేదో అడిగి తెలుసుకోండి. మందు వాడుతుండగా జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుండ్లు వస్తే మందు ఆపి అదే రోజు తెల్ల రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. ఈ మందు అరుదుగా ఆ కణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు. కళ్లు పచ్చబడినా మందు ఆపి అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి. పొగ తాగే అలవాటు ఉంటే మానేయండి, గ్రేవ్స్ జబ్బులో కళ్లకు వచ్చే సమస్యను అది పెంచుతుంది.

ప్రశ్న: మాది అనంతపురం. థైరాయిడ్ తక్కువ అని తేలినప్పటి నుంచి మా అమ్మ క్యాబేజీ, కొర్రన్నం, జొన్న రొట్టె అన్నీ మానేసింది. ఇప్పుడు మలబద్ధకం ఇంకా ఎక్కువైంది. ఇవి నిజంగా చెరుపా?

జవాబు: క్యాబేజీలో థైరాయిడ్‌ను అడ్డుకునే పదార్థాలు ఉన్న మాట నిజమే కాని, ఉడికిస్తే వాటి బలం చాలావరకు తగ్గుతుంది. కొన్ని చిరుధాన్యాలలో, ముఖ్యంగా సజ్జలలో అటువంటి గుణం ఉంది. అయితే అది హాని చేసేది అయోడిన్ చాలని చోట, పూటపూటా అదే ప్రధాన ఆహారమైనప్పుడు. అయోడిన్ కలిపిన ఉప్పు వాడుతూ, మాత్ర వేళకు వేసుకునే మీ అమ్మగారు కొర్రన్నం, జొన్న రొట్టె, ఉడికించిన క్యాబేజీ కూర నిశ్చింతగా తినవచ్చు. పీచు ఉన్నవన్నీ మానేసి తెల్లన్నం ఒక్కటే తింటే, ముందే మందగించిన పేగు మరింత బిగుసుకుంటుంది. మీ ఇంట్లో కల్లుప్పు వాడుతుంటే, అందులో చాలావాటికి అయోడిన్ కలిపి ఉండదు, ప్యాకెట్ మీద చూసి కొనండి.

ప్రశ్న: నేను జమ్మలమడుగులో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. వయసు 64. మలబద్ధకం పదిహేనేళ్లుగా ఉంది. ఈ మధ్య పరీక్షలో టీ.ఎస్.హెచ్. 6.1 ఉంది, టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోను) మామూలుగా ఉంది. కారణం ఇన్నాళ్లకు దొరికిందని సంతోషించాను. మాత్ర మొదలుపెట్టమంటారా?

జవాబు: మాస్టారూ, మీ సంతోషాన్ని తగ్గించవలసి వస్తున్నందుకు మన్నించండి. పదిహేనేళ్ల మలబద్ధకానికి 6.1 అన్న అంకె కారణమని నేను నమ్మలేను. సాధారణంగా టీ.ఎస్.హెచ్. 0.4 నుంచి 4 వరకు ఉండాలంటారు గాని, వయసు పెరిగేకొద్దీ అది కొంత పెరగడం సహజమే. టీ4 మామూలుగా ఉండి, టీ.ఎస్.హెచ్. 10 లోపు ఉన్నవారిలో మాత్ర వేసినంత మాత్రాన పేగు కదలిక బాగుపడుతుందని ఆశించకూడదు. పైగా మీ వయసులో అనవసరంగా హార్మోను ఎక్కువైతే గుండె లయ తప్పడం, ఎముకలు బలహీనపడడం అన్న ముప్పులు ఉన్నాయి. రెండు మూడు నెలల తర్వాత పరీక్ష మళ్లీ చేయించి, దానితోపాటు థైరాయిడ్ యాంటీబాడీలు కూడా చూపించుకోండి. మందుల దుకాణంలో జుట్టుకో గోళ్లకో ఇచ్చే బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి, అవి ఫలితాన్ని తారుమారు చేయగలవు.

ఇక అసలు కారణం కోసం మీరు వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు కుమ్మరించండి. ఐరన్, కాల్షియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. చాలాకాలంగా సుగరు ఉంటే పేగు నరాలు కూడా దెబ్బతింటాయి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఈ మధ్యనే మారిన విరేచనపు తీరు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా థైరాయిడ్ అంకెను పక్కన పెట్టి ముందు కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష) చేయించుకోండి.

ప్రశ్న: మాది గుంతకల్లు. మా అమ్మాయికి ఐదో నెల. థైరాయిడ్ మాత్ర, ఐరన్, కాల్షియం మూడూ పొద్దున ఒకేసారి వేసుకుంటోంది. మలబద్ధకంతో ఏడుస్తోంది. ఏది మానిపించాలి?

జవాబు: ఏదీ మానిపించకండి, వేళలు విడదీయండి. థైరాయిడ్ మాత్ర తెల్లవారుజామున పరగడుపున, ఐరన్ మధ్యాహ్నం భోజనానికి గంట ముందో రెండు గంటల తర్వాతో, కాల్షియం రాత్రి భోజనంతో ఇవ్వండి. ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మాత్రను కడుపులోనే పట్టుకుంటాయి, ఒకదానినొకటి కూడా అడ్డుకుంటాయి. గర్భిణికి ఈ హార్మోను అవసరం మొదటి నెలల నుంచే పెరుగుతుంది, మోతాదును పావు వంతో అంతకు కొంచెం ఎక్కువో పెంచవలసి వస్తుంది. ఇన్నాళ్లూ మూడూ కలిసి పడ్డాయి కనుక, తదుపరి చెకప్ దాకా ఆగకుండా ఈ వారమే టీ.ఎస్.హెచ్. చూపించండి, నాలుగు వారాలకు మళ్లీ చూపించండి. గర్భం వల్లనే పేగు కొంత నెమ్మదిస్తుంది, ఐరన్ దాన్ని పెంచుతుంది, అందులో థైరాయిడ్ కూడా తగ్గితే ఆ పిల్ల ఏడవడంలో ఆశ్చర్యం లేదు. విరేచనానికి ఆముదం, సునాముఖి చూర్ణం మాత్రం ఇవ్వవద్దు. లాక్టులోజ్ ఈ సమయంలో వాడదగినదే, ఎంత ఇవ్వాలో కాన్పు చూసే డాక్టరమ్మను అడగండి.